చేతిలోని విమానము

బొమ్మలు చేయుట బాలుర పని యనియు, పెద్దలు దాని జోలికి పోరాదనియు మనలో నొక అభిప్రాయము చిరకాలముగా నున్నది. కళాశాలలో చదువుకొను యువకుడు సాయంకాలమున బల్లయొద్ద కూర్చుండి, చాకుతో ప్లాస్టిక్కు ముక్కలు చెక్కి, జిగురు పూసి, అరచేతిలో నిముడు విమానము నొకదానిని కూర్చుచుండగా చూచి, “ఈ వయస్సున వీనికి ఈ ఆట యేమి?” యని తండ్రి విసుగుకొనుట వింత గాదు. కుమారుడును తన పనికి తగిన సమాధానము చెప్పజాలక, కాలక్షేపమని యూరకుండును. తండ్రి విసుగును, కుమారుని యూరకుంటయు రెండును సరికావని మా అభిప్రాయము. శ్రద్ధతో, సత్యదృష్టితో చేసిన నమూనా విమానము చేతికి చదువు చెప్పును; కంటికి పరీక్ష పెట్టును; మరచిపోయిన చరిత్రను మరల తెరపించును. అయితే ఏ విమానమును ఎన్నుకొనవలెను, దానికి ఏ రంగు వేయవలెను, దానిపై ఎవరి గురుతు నిలుపవలెను అను ప్రశ్నలను ముందుగా విచారింపక ఈ ఫలము దక్కదు.

అంగడికి పోయిన యువకుడు సామాన్యముగా స్పిట్‌ఫైరునో, మరియొక యుద్ధ విమానమునో కోరును. తుపాకులుగల విమానమునకున్న ఆకర్షణ శిక్షణ విమానమున కుండదు. కాని ఆ స్పిట్‌ఫైరును నడపిన వాడు పుట్టుకతోనే దానిని నడప నేర్చినాడా? వానికి అక్షరాభ్యాసము చేయించిన విమానము వేరొకటి కలదు. అది రెండు జతల రెక్కలును, రెండు ఆసనములును, చిన్న ఇంజనునుగల టైగర్ మాత్. మన యువకులు మొట్టమొదట చేయదగిన నమూనా ఇదియేయని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. ఏలయన ఈ విమానము మన యింటి ముంగిటనే ఎగిరినది.

బ్రిటనులోని డి హావిలాండ్ కంపెనీ నిర్మించిన ఈ విమానము 1931 అక్టోబరు 26న మొదటిసారి ఎగిరెను. తరువాతి యేండ్లలో బ్రిటనునందును, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండు దేశములందును కలిసి 8,000కు పైగా నిర్మింపబడెను. రెక్కల చివరి నుండి చివరకు 29 అడుగుల 4 అంగుళములు. పొడవు 24 అడుగులకు ఒక అంగుళము తక్కువ. యుద్ధకాలమున విరివిగా వాడుకలోనున్న రకమునకు 130 అశ్వశక్తిగల జిప్సీ మేజర్ ఇంజను. రెక్కలకు కఱ్ఱ యెముకలు, వానిపై గుడ్డ, గుడ్డపై బిగువునిచ్చు పూత. చక్రములకు బ్రేకులు లేవు. తోకక్రింద చక్రమునకు మారు ఒక ఊచ నేలను రాచుకొనుచు పోవును. ఇంత సాధారణమైన యంత్రమే యుద్ధకాలమున వేలకొలది యువకులకు ఆకాశమున ఓనమాలు దిద్దించెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున భారతదేశమున వైమానిక విద్యార్థుల ప్రాథమిక శిక్షణకు ఏర్పడిన 1వ సంఖ్య పాఠశాల హైదరాబాదునందలి బేగంపేటలో నుండెను. 2వ సంఖ్య పాఠశాల జోధ్‌పురములో నుండెను. అక్కడ టైగర్ మాత్ విమానములపై మొదటి పాఠములు ముగించిన వారు, అంబాలా పాఠశాలలో హార్వర్డు విమానముల పైకి పోవుచుండిరి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిన తరువాత బేగంపేట మైదానము పూర్వపు సందడిని కోల్పోయినది. దాని ప్రక్కన ప్రతిదినము బండ్లు నడుపుకొని పోవువారిలో ఎందరికి ఈ సంగతి తెలియును? తెలియకపోవుట వారి దోషమని మేమనము. కంటికి కనబడు గురుతు లేనిచోట జ్ఞాపకము నిలువదు. అట్టి గురుతును అంగుళముల కొలతలో నిర్మించి యింటింట నిలుపుట ఈ నమూనాల వలన సాధ్యము.

ఇక పని విషయము. బ్రిటనులోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 72లో ఒక వంతు కొలతతో ఈ విమానపు ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మినది. ఆ కొలతలో నిజమైన విమానపు ఆరడుగులు నమూనాలో ఒక్క అంగుళమగును. రెక్కల విస్తారము అయిదంగుళములకు లోబడును. అయిదడుగుల యెనిమిదంగుళముల మనిషి అంగుళమునకు కొంచెము తక్కువగా నిలుచును. ఈ గుణకారమును నోటితో చెప్పుట సులభమే. చేతితో నిలుపుకొనుట సులభము గాదు. రెక్కల నడుమ బిగించిన ఇనుప తీగె నిజవిమానమున పావు అంగుళముండిన, నమూనాలో మిల్లీమీటరు యొక్క పదవ వంతునకు లోబడవలెను. కాబట్టి అనుభవజ్ఞులు మిగిలిన ప్లాస్టిక్కు కడ్డీని దీపపు సెగకు చూపి, మెత్తబడగనే రెండువైపుల లాగి, వెండ్రుకవంటి దారము తీసి దానిని తీగెగా వాడుదురు. అచట లావుపాటి దారము కట్టినచో విమానము పంజరమువలె కనబడును. కొలత తప్పిన అలంకారము అబద్ధమని ఆ ఒక్క దారమే నేర్పును.

రెండు జతల రెక్కల విమానము ఓర్పునకు పరీక్ష. క్రింది రెక్కలు మొండెమునకు లంబముగా కాక కొంచెము పైకెత్తియుండును; పై రెక్కలు ముందుకు జరిగి, చివరలు వెనుకకు వాలియుండును. ఈ వాలు అందమునకు వచ్చినది గాదు. పూర్వపు మాత్ విమానమున ముందరి ఆసనము పైరెక్కకును, పెట్రోలు తొట్టికిని, నిలువు కమ్ములకును నడుమ చిక్కుకొనియుండెను. ఆపద వచ్చినప్పుడు పారాచూటుతో బయటపడుట కష్టము. శిక్షకుడు దూకగలుగునట్లు నడిమి కమ్ములను ముందుకు జరిపిరి. అందువలన ముందుకు పోయిన ఎత్తుబలము మరల తన స్థానమునకు వచ్చుటకై రెక్కల చివరలను వెనుకకు వంచిరి. ఒక మనిషి ప్రాణము కాపాడవలెనను తలంపు రెక్క ఆకారమునే మార్చినది. ఆ వాలును తప్పుగా అతికించిన వాడు ఒక కోణమును మాత్రమే గాక ఆ కారణమునుగూడ పోగొట్టుకొనును.

రెండు ఆసనములలో ముందరిది గురువుది, వెనుకది శిష్యునిది. ఇంజను హోరులో మాట వినబడదు గనుక ఒక గొట్టము ద్వారా గురువు శిష్యుని చెవిలో ఆజ్ఞ చెప్పుచుండెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున 1917లో బ్రిటనులోని గాస్పోర్టు అనుచోట స్మిత్‌బారీ అనునాతడు క్రొత్త శిక్షణ పద్ధతిని నెలకొల్పినందున ఆ గొట్టమునకు గాస్పోర్టు గొట్టమని పేరు. కొన్ని గంటల విద్య తరువాత ఒకదినము గురువు తన ఆసనము విడిచి నేలపై నిలుచుండి, శిష్యుని ఒంటరిగా పంపును. ఆనాడు ముందరి గూడు ఖాళీగనే యుండును. తన నమూనాలో ముందరి గూటిని ఖాళీగా విడిచి, వెనుక ఒక్క మనిషి బొమ్మను కూర్చుండబెట్టినవాడు ఈ విమానముయొక్క హృదయమును గ్రహించినాడని మేము తలంతుము. విద్యయనగా గురువు దిగిపోయిన తరువాత మిగులునదియే గదా.

ఈ పనికి మన దేశమున పునాది లేదని ఎవరును తలపకుందురు గాక. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కఱ్ఱను వేరువేరు ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపి మక్కుచేసి, ఆ ముక్కలను అతికి, అతుకు కనబడకుండ సరిచేసి, పిమ్మట రంగులు వేయుదురు. నమూనా విమానము చేయువాడు చేయునదియు ఇదియే. అతుకులను లప్పముతో పూడ్చును, ఉప్పుకాగితముతో రుద్దును, పూత వేసి చూచును, గీత కనబడినచో మరల రుద్దును. వస్తువు క్రొత్తది, వినయము పాతది. పరదేశపు పెట్టె ఖరీదైనదని వెనుదీయు యువకునికి మేము చెప్పు మాట యిది: కొలతల పటము నొకదానిని సంపాదించి, తెల్లపొణికితో విమానమును స్వయముగా చెక్కుము. పెట్టెలోని ముక్కలను అతికినవానికంటె నీకు రెక్క సంగతి ఎక్కువ తెలియును.

ఇక రంగులకు వత్తము. శిక్షణ విమానములకు పసుపు రంగు వేయుటకు కారణము స్పష్టము. నేర్చుకొనుచున్నవాడు ఎటు తిరుగునో వానికే తెలియదు. ఇతరులు దూరమునుండియే వానిని గుర్తించి తొలగవలెను. ఎక్కడనైన పడినచో వెదకువారికి కనబడవలెను. యుద్ధము సాగగా బ్రిటిషు శిక్షణ విమానముల పైభాగములకు ఆకుపచ్చ, మట్టి రంగులు పట్టించి, అడుగు భాగమున పసుపును నిలిపిరి. అందును ఒక సూక్ష్మము కలదు. పై రెక్క నీడ క్రింది రెక్కపై పడును గదా. ఆ నీడకు సరిపడునట్లు క్రింది రెక్కపై అవే రంగులను లేతగా వేయుచుండిరి. దీనిని తెలియని వాడు రెండు రెక్కలకు ఒకే డబ్బాలోని రంగును పూయును. తెలిసినవాడు రెండు ఆకుపచ్చలు, రెండు మట్టి రంగులు కలుపుకొనును. పసుపు పూయుటకు ముందు తెల్లని పూత వేయనిచో పసుపు పలుచనై క్రింది ప్లాస్టిక్కు రంగును దాచజాలదు. పై రెక్కను బిగింపక ముందే క్రింది రెక్కకు రంగు వేయవలెను. లేనిచో కుంచె అందదు. ఇట్లు క్రమము తప్పినచో పని చెడునను పాఠము పుస్తకము చదివిన దానికంటె ఇక్కడ గాఢముగా నాటును.

ఏ విమానమునకు ఏ రంగుండెనో తేల్చుట మరియొక విద్య. నాటి ఛాయాచిత్రములు నలుపు తెలుపులలోనివి. అందును ఆర్థోక్రొమాటిక్ అను ఒక జాతి ఫిలిము ఎరుపును గ్రహింపజాలదు. పసుపును చీకటిగా చూపును. నీలమును తెల్లగా చూపును. అట్టి చిత్రమున పసుపు విమానము నల్లనిదిగా కనబడును. కన్ను చూచినదానినే నమ్మినవాడు మోసపోవును. ఫిలిము స్వభావము నెరిగినవాడు మోసపోడు. సాక్ష్యమును విచారించి నిర్ణయించు ఈ అలవాటు ఒక్క బొమ్మతోనే ఆగదు. ప్రతిదినము వేయి చిత్రములును వేయి వార్తలును కన్నులయెదుట పరుగెత్తుచున్న ఈ కాలమున, “ఈ చిత్రము ఎక్కడిది? ఎప్పటిది? దీనిని ఎట్లు తీసిరి?” యని యడుగు అలవాటుగల యువకుడు దేశమునకు ధనము.

అన్నిటికంటె చిక్కైన ప్రశ్న గురుతులది. ఇచట మా పాఠకులలో కొందరికి మాతో భేదాభిప్రాయము కలుగవచ్చును. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను సంప్రదింపకయే భారతదేశము యుద్ధమున నున్నదని ప్రకటించెను. అందులకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసెను. అట్టి యుద్ధమున ఎగిరిన విమానమునకు సామ్రాజ్యపు వలయముల గురుతు వేసి మన యింట నిలుపుకొనవలెనా? దానిని చెరిపి అశోకచక్రము నిలిపినచో తప్పేమి? దేశాభిమానము గల యువకునికి ఈ కోరిక పుట్టుట సహజము. కాని ఆ కోరికను అణచుకొనుమనియే మేము చెప్పుదుము.

1943లో ఎగిరిన విమానముపై స్వాతంత్ర్యానంతరపు చక్రమును వేసినచో మనము గెలిచినది యేమియు లేదు. ఒక అబద్ధమును మాత్రము సంపాదించుకొందుము. బేగంపేటలో ఆ యాసనమున కూర్చున్న భారతీయ యువకుడు పరపాలనముక్రిందనే విద్య నేర్చినాడు. వాడు తనదికాని గురుతుక్రింద ఎగురుటయే వాని చరిత్ర. ఆ గురుతును మనము చెరిపినచో వాని కష్టమునుగూడ చెరిపినవారమగుదుము. అంతేకాదు, ఆ గురుతులోనే మన తీరపు కథయొకటి దాగియున్నది. జపాను విమానముల గురుతు ఎఱ్ఱని సూర్యబింబము. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిన విమానములపై నున్నది ఆ బింబమే. ఎరుపును చూచి భ్రమపడి తమవారినే కాల్చుకొందురను భయముచేత, ఆసియా రణరంగమున మిత్రరాజ్యముల విమానముల గురుతులనుండి ఎరుపును తొలగించిరి. కాబట్టి ఒక విమానమున వలయము నడుమ ఎరుపున్నదా లేదా యను చిన్న విషయము ఆ చిత్రము యే కాలమునాటిదో చెప్పు సాక్షి యగుచున్నది. చిత్రమును సంపాదించి చూచి వేయవలెను, ఊహించి వేయరాదు.

మన గురుతునే చూడగోరువానికి సత్యమైన మార్గము వేరుగ నున్నది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను టైగర్ మాత్ విమానములు మన వైమానిక దళమున పనిచేసెను. ఆ దళమువారు పునరుద్ధరింపించిన టైగర్ మాత్ ఒకటి 2012 అక్టోబరు 8న వైమానిక దళ దినోత్సవమున హిండన్ మైదానముపై ఎగిరెను. ఆ కాలపు విమానమును ఎన్నుకొని, ఆ కాలపు గురుతును వేయుము, ఎవరును ఆక్షేపింపజాలరు. సామ్రాజ్యపు గురుతుగల విమానము నొకదానిని, స్వతంత్ర భారతపు గురుతుగల విమానము నొకదానిని ప్రక్కప్రక్కన నిలిపిన యెడల, ఉపన్యాసము అవసరములేకయే చూచువానికి చరిత్ర బోధపడును.

ఇదంతయు ఆట యని ఇంకను తలంచువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 1939 సెప్టెంబరు 6న, యుద్ధము మొదలైన మూడవనాడు, బ్రిటిషు స్పిట్‌ఫైరు వైమానికులు తమ హరికేన్ విమానములనే శత్రువులవని భ్రమపడి కాల్చిరి. ఒక వైమానికుడు మరణించెను. ఇట్టి భ్రమలను తొలగించుట యెట్లు? 1942 ఆరంభమున అమెరికా నౌకాదళము తమ దేశపు పాఠశాలలను 5 లక్షల నమూనా విమానములు చేసి యిమ్మని కోరెను. కొలత 72లో ఒక వంతు, రంగు నలుపు. 35 అడుగుల దూరమునుండి చూచినచో ఆ నమూనా సుమారు అరమైలు దూరముననున్న నిజవిమానమువలె కనబడును. బడిపిల్లలు చెక్కిన కఱ్ఱముక్కలను చూచి సైనికులు స్వపరభేదము నేర్చుకొనిరి. బాలుని చేతిలో కొలత తప్పిన రెక్క యొక సైనికుని కంటిని తప్పుదారి పట్టింపవచ్చును. అట్టిపనిని ఆట యనుట తగునా?

నేడు మనకు అట్టి యుద్ధావసరము లేదు. ఉండవలెనని మేము కోరుటయు లేదు. శిక్షణ విమానమును ఎన్నుకొనుమని మేము చెప్పుటలో ఇదియును ఒక కారణము. దాని నమూనా చంపుటను గాక నేర్చుటను స్మరింపజేయును. అంతేకాక, నేర్చుట తరువాతి మెట్టు నిర్మించుట. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో బెంగుళూరున హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించెను. 1941లో అక్కడ కూర్చి యెగురవేసిన మొదటి విమానము హార్లో అను అమెరికా శిక్షణ విమానము. పదియేండ్లకు, 1951లో, జర్మనీలోని గొట్టింగెన్‌లో ప్రాండ్టల్ వద్ద విద్యనభ్యసించిన విష్ణు మాధవ ఘాటగే నాయకత్వమున మనవారే రూపకల్పన చేసిన హెచ్.టి.2 ఆకాశమున కెగసెను. అదియు శిక్షణ విమానమే. టైగర్ మాత్ స్థానమును ఆక్రమించినది అదియే. పరుల ముక్కలను అతుకుటనుండి స్వంత రెక్కను గీయుటకు మధ్య దూరము పదియేండ్లు. బల్లయొద్ద కూర్చున్న మన యువకుడును తన జీవితమున ఆ దూరమును నడువగలడు. ఈనాడు పరుల ముక్కలను అతుకువానిని ఎగతాళి చేసినచో, రేపు స్వంత రెక్కను గీయువాడు మనకు ఎక్కడనుండి వచ్చును?

కనుక మా సూచనలు మూడు. మొదటిది, తలిదండ్రులు ఈ పనిని నిందింపక, “ఈ రెక్క వెనుకకు ఏల వంగినది?” యని బిడ్డలను ప్రశ్నింతురు గాక, సమాధానము చెప్పలేనివాడు వెదకి తెలిసికొనును. రెండవది, ప్రతి పట్టణమందును గ్రంథాలయమువారు ఒక బల్లను, ఒక గాజు పెట్టెను ఇందులకు విడిచి, ప్రతి నమూనాప్రక్కన చిన్న కాగితమును ఉంచవలెను. ఏ విమానము, ఎక్కడ ఎగిరినది, ఏ యేట, రంగులకు ఆధారమేమి అను నాలుగు మాటలు దానిపై వ్రాసియుండవలెను. ఆధారము లేని నమూనాకు ఆ పెట్టెలో చోటు ఈయరాదు. మూడవది, నాటి శిక్షణ పాఠశాలల ఛాయాచిత్రములు ఎవరి యింట పెట్టెలలోనైన నున్నచో, చెదలు తినకముందే వెలికితీసి, వెనుకవైపున పేరును సంవత్సరమును వ్రాసి, ప్రతులు తీయించవలెను. తాతగారి చిత్రమున వెనుక నిలిచిన రెక్క యొక్క అంచు చాలును. శ్రద్ధగలవాడు దానినుండి విమానమంతయు నిర్మించుకొనగలడు.

అయిదంగుళముల రెక్కలు ఎవరిని మోయగలవని నవ్వువారు నవ్వుదురు గాక. అవి ఒక మనిషిని మోయజాలవు. కాని సరిగా కొలిచి, సరిగా అతికి, ఉన్న రంగునే పూసి, ఉన్న గురుతునే నిలిపిన చేతికి అవి నేర్పిన అలవాటు ఒక తరమును మోయగలదు. బేగంపేట మైదానమున గురువు దిగిపోయి శిష్యుని ఒంటరిగా పంపినట్లే, మన పెద్దలును పిల్లల చేతులను నమ్మి ఒకసారి నేలపై నిలుచుండి చూతురు గాక.